పత్తికొండలో ఆగిన ప్రయాణం

కర్నూలు, కడప జిల్లాలలో మన్రో దొర పేరు వినని పెద్దలు అరుదు. ఒకప్పుడు ఈ సీమలో పుట్టిన మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఆయన మీద జనానికి ఎంతటి అభిమానముండేదో తెలుస్తుంది. మంత్రాలయంలో ఆయన చూసినదాన్ని గురించీ, పాపఘ్ని గండి దగ్గర ఆయనకు కనిపించిన బంగారు తోరణాన్ని గురించీ కథలు నేటికీ చెప్పుకుంటారు. ఈ వారం ఆ కథల జోలికి పోవడం లేదు. ఆయన ఇంటి సంగతి, అందులోనూ జబ్బుపడిన ఒక పసిబిడ్డ సంగతి చెప్పదలచాను.

థామస్ మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించారు. చిన్ననాట తట్టు పోసి వినికిడి కొంత తగ్గిందట. తండ్రిది అమెరికాతో వ్యాపారం. అక్కడి స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. కుమారుడు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగారు. హైదరలీతో, టిప్పుతో జరిగిన యుద్ధాల్లో పనిచేశారు. 1800లో నిజాము బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి దత్తం చేయగా, వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చారు. కర్నూలు పట్టణం అప్పటికింకా నవాబుల చేతిలోనే ఉంది. పత్తికొండ మాత్రం దత్త మండలాలలోనిదే.

ఇక్కడ ఆయన ఏడేళ్లు డేరాలలోనే కాపురమున్నారని చెప్పవచ్చు. ఊరూరా తిరిగి పొలాలు కొలిపించి, రైతు పేరు మీదనే శిస్తు కట్టించారు. 1807లో వెళ్లబోయే ముందు, శిస్తును నాలుగో వంతు తగ్గించాలని ప్రభుత్వానికి రాశారు. పైవారు ఒప్పుకోలేదు. తర్వాత తానే గవర్నరు అయ్యాక గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. ఇన్నేళ్లూ ఆయనకు ఇల్లు లేదు, ఇల్లాలు లేదు, ఫలానా వేళకు ఇంటికి రావాలన్న కట్టుబాటూ లేదు.

పెళ్లి 1814లో, ఆయనకు 52 ఏళ్లు నిండాక జరిగింది. భార్య పేరు జేన్ క్యాంబెల్. 1819లో పెద్ద కుమారుడు థామస్ పుట్టాడు. మరుసటి సంవత్సరం మన్రో మద్రాసు గవర్నరుగా పదవి చేపట్టినప్పుడు, ఆ పసివాణ్ణి స్కాట్లండులోనే ఉంచి భార్యాభర్తలిద్దరే వచ్చారు. ఇక్కడి ఎండలకు, జ్వరాలకు పిల్లలు బతకరని ఆనాటి ఇంగ్లీషు కుటుంబాలు భయపడేవి. బిడ్డను దూరంగా ఉంచడమే బిడ్డను కాపాడడమని వారి లెక్క. తప్పో ఒప్పో, దొరల ఇళ్లలో ఎందరో తల్లులు ఇలాగే కన్నీళ్లు దిగమింగారు.

1823లో మద్రాసులో రెండవ కుమారుడు క్యాంబెల్ కలిగాడు. 62 ఏళ్ల వయసులో మొదటిసారి మన్రో తన ఇంట్లో తన బిడ్డ తప్పటడుగులు చూశారు. సాయంకాలం గిండీ బంగళా తోటలో ఆ పిల్లవానితో తిరగడం ఆయనకు ఎంతో ఇష్టమైన పని.

1826లో ఆ బిడ్డ జబ్బుపడ్డాడు. ఈ దేశంలో ఉంచితే కోలుకోవడం కష్టమని, సముద్ర ప్రయాణం చేయించి ఇంగ్లండుకు చేర్చాలని తేలింది. ఎవరు తీసుకుపోవాలి? జేన్ పరిస్థితి ఆలోచించండి. ఇటు 65వ ఏట అడుగుపెట్టబోతున్న భర్త, గవర్నరు ఇంటి బాధ్యతలు. అటు ఆరేళ్లుగా తల్లి ముఖమెరుగని పెద్దబ్బాయి. మధ్యన రెండున్నరేళ్ల రోగి. ఆమె రోగి వైపే నిలిచింది. మిగతావన్నీ ఎక్కడివక్కడ వదిలి, మార్చి నెలలో ఓడ ఎక్కింది. సూయజ్ కాలువ లేని రోజులు. ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడానికి నాలుగైదు నెలలు పట్టేది. చరిత్రకారులు ఆమెను గురించి రెండు వాక్యాలు రాసి ఊరుకుంటారు. నా దృష్టిలో ఈ ఇంట్లో ఏది ముందో, ఏది వెనుకో తడుముకోకుండా తేల్చినది ఆమె ఒక్కతే.

భర్త ఎందుకు వెళ్లలేదు? ఆయన 1823లోనే పదవి నుండి తప్పించమని కోరారు. ఇంతలో బర్మా యుద్ధం వచ్చింది. మద్రాసు సైన్యం పెద్ద సంఖ్యలో సముద్రం దాటి పోతుండగా నడుమ విడిచిపెట్టడం తగదని ఆగిపోయారు. అది న్యాయమే. అయితే 1826 ఫిబ్రవరిలో సంధి కుదిరింది. భార్యాబిడ్డలు బయలుదేరేనాటికి యుద్ధం లేదు. ఇక మిగిలినది తన స్థానంలోకి లండను నుండి మరొకరు రావడమే. వారు రాలేదు, ఈయన కదలలేదు. ఖాళీ ఇంటిని గురించి, బిడ్డ లేని తోటను గురించి భార్యకు ఉత్తరాలు రాస్తూ ఏడాదికి పైగా గడిపారు. ఇంటికి బెంగ పెట్టుకున్న ముసలి తండ్రి ఆ ఉత్తరాలలో కనిపిస్తాడు, గవర్నరు కాదు.

మన ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు. బిడ్డకు జ్వరం తగ్గదు. తల్లి చంకనేసుకుని కర్నూలు పెద్దాసుపత్రికి పోతుంది. వేరుశనగ పీకే రోజులు, కూలీలు దొరకరు, రెండు రోజులాగి వస్తానంటాడు తండ్రి. ఆ తండ్రికి బిడ్డ మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. పంట పోతే మందులకు డబ్బెక్కడిది? ఆసుపత్రి వరండాలో ఒంటరిగా కూర్చున్న తల్లికి మాత్రం ఆ రెండు రోజులు ఎంత పొడవో, ఆ రెండు నాలుగవుతాయో ఎనిమిదవుతాయో తెలియదు. మన్రో దొరకు పంట భయం లేదు, డబ్బు భయమూ లేదు. అందుకే ఆయన ఆలస్యం నాకు మరింత కష్టంగా తోస్తుంది.

1827 మే చివర ఆయన దత్త మండలాలకు ఆఖరి చూపుగా బయలుదేరారు. ఈ ప్రయాణం ఎవరూ పెట్టిన నిర్బంధం కాదు, సొంత కోరిక. యౌవనంలో తిరిగిన పల్లెలను, ఎరిగిన రైతులను చూసి వెళ్లాలనుకున్నారు. మన సీమ మీద అంత మమకారం చూపినవారిని తప్పుపట్టడానికి నోరు రాదు. ఆ ఎండాకాలం దారి పొడవునా కలరా ఉంది. గుత్తి చేరేసరికి పరివారంలోనూ సోకింది. జూలై 6న పత్తికొండలో విడిది చేసిన రోజు ఉదయమే ఆయనకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తన డేరాలో ఉంటే అంటుకుంటుందని, పక్కనున్నవారిని బయటికి పొమ్మని చెప్పారట. రాత్రి తొమ్మిది దాటాక ప్రాణం పోయింది. గుత్తి కోట కింద ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ దేవాలయానికి మార్చారు.

ఆయన స్థానంలో కౌన్సిలు సభ్యుడు గ్రేమ్ తాత్కాలిక గవర్నరుగా పని నడిపించారు. ఏడాదికి పైగా ఎదురుచూసిన కొత్త గవర్నరు లషింగ్టన్ ఆ అక్టోబరులోనే మద్రాసు చేరారు. మూడు నెలలు గ్రేమ్ చేతుల మీదుగా సాగిన పరిపాలన, ఏడాది ముందు కూడా సాగి ఉండేదేమో! ఇది తర్వాతివాళ్లం హాయిగా కూర్చుని వేసే లెక్క అని తెలుసు. అయినా వేయకుండా ఉండలేను. స్కాట్లండులో ఆ వార్త చేరేవరకూ జేన్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఆమె రాసిన జాబులు ఎన్నో సముద్రం మీదనే ఉండి ఉంటాయి.

పత్తికొండలో ప్రభుత్వం ఆయన జ్ఞాపకార్థం చింతతోపు వేయించి, మెట్లబావి కట్టించింది. గుత్తిలో సత్రం వెలసింది. మద్రాసులో 1839లో గుర్రం మీద విగ్రహం నిలబెట్టారు.

జబ్బుపడిన క్యాంబెల్ బతికి బట్టకట్టాడు. పెరిగి పెద్దవాడై, అన్నగారి తర్వాత తండ్రి బిరుదుకు వారసుడయ్యాడు. అతని కుమారుడు హ్యూ మన్రో 1891లో స్కాట్లండులో మూడు వేల అడుగులకు మించిన కొండలన్నిటికీ జాబితా తయారుచేశాడు. అక్కడివారు నేటికీ ఆ కొండలను మన్రోలు అనే పిలుస్తారు.