గాలికి కొలత కట్టిన నావికుడు: సర్ ఫ్రాన్సిస్ బోఫోర్ట్

గాలి కంటికి కనబడదు, చేతికి చిక్కదు. ఒకనాడు ముఖానికి చల్లగా తగిలి సేదదీర్చే గాలియే మరొకనాడు మహావృక్షాలను కూకటివేళ్లతో పెకలిస్తుంది. ఒక నావికునికి పిల్లగాలి అనిపించినది మరొకనికి పెనుగాలిగా తోచవచ్చు. నడిసముద్రంలో ఈ తేడా ప్రాణాలమీదికి తెస్తుంది. అందరికీ ఒకే అర్థమిచ్చే మాటలను గాలికి సమకూర్చిన మహనీయుడు సర్ ఫ్రాన్సిస్ బోఫోర్ట్. ఆయన జీవితాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచడమే మా ఉద్దేశము.

బోఫోర్ట్ 1774 మే 27న ఐర్లండులోని నవన్ పట్టణంలో జన్మించారు. తండ్రి మతాచార్యుడు, ఐర్లండు దేశపటాన్ని తయారుచేసి 1792లో ప్రకటించిన పండితుడు. పటాలపై ప్రీతి కుమారునికి ఇంటనే అబ్బిందనవచ్చు. పద్నాలుగేళ్లకే ఆయన బడి చదువు ముగిసింది. 1789లో ఈస్టిండియా కంపెనీవారి వాన్‌సిటార్ట్ అనే ఓడపై తూర్పు సముద్రాలకు వెళ్లగా, గాస్పర్ జలసంధి వద్ద ఆ ఓడ నీటిలోని రాతిమెట్టకు తగిలి ధ్వంసమైంది. సముద్రపటంలోని లోపం ఎంతటి ముప్పో ఆ పసివయసులోనే ఆయనకు అనుభవమైంది.

1790లో బ్రిటిష్ నౌకాదళంలో చేరారు. 1800లో స్పెయిన్ దేశపు మలగా రేవు సమీపాన శత్రునౌకను పట్టుకొనే పోరులో ఆయన దేహం గాయాలతో తూట్లు పడింది. కోలుకొంటున్న కాలాన్ని సైతం ఆయన వృథా పుచ్చలేదు. బావగారైన రిచర్డ్ ఎడ్జ్‌వర్త్‌తో కలిసి ఐర్లండులో దూరసంకేతాల వరుసను నిర్మించారు. 1805లో ఎట్టకేలకు ఒక ఓడ నాయకత్వం లభించింది. అయితే ఆ ఊల్విచ్ సరకులు మోసే ఓడ! యుద్ధనౌకను కోరుకొన్న వీరునికి ఇది చిన్నతనమే. కాని ఆ ఓడలో ఉండగానే, 1806 జనవరిలో, ఆయన తన దినచర్య పుస్తకంలో గాలి బలానికి అంకెల వరుస వ్రాసుకొన్నారు.

ఈ ఆలోచన పూర్తిగా ఆయన సొంతమనరాదు. గాలిమరల పనితీరును పరిశీలించిన జాన్ స్మీటన్ అనే ఇంజనీరు, యౌవనంలో మదరాసులో కంపెనీ కొలువు చేసిన అలెగ్జాండర్ డాల్రింపుల్ ఈ దారిలో ముందు నడిచినవారే. బోఫోర్ట్ ఘనత వేరొకటి. గాలి ఎంత అని ఆయన అడగలేదు. ఆ గాలికి ఓడ ఏమి చేస్తున్నదని అడిగారు. సున్న అంటే నిశ్చలం. ఒకటి అంటే ఓడ చుక్కానికి లొంగేపాటి గాలి. అంకె పెరిగేకొద్దీ ఓడ మోయగల తెరచాపలు తగ్గుతాయి. పన్నెండు అంటే ఏ తెరచాపా తాళలేని గాలి. తెరచాపలను చూడగల ప్రతి నావికుడూ ఒకే అంకె చెప్పగలడు.

1812లో తురుష్కదేశపు దక్షిణ తీరాన్ని సర్వే చేస్తూ మరల తీవ్రంగా గాయపడ్డారు. 1829లో నౌకాదళ జలపటశాఖకు అధిపతియై, 1855 వరకు ఆ పదవిని నిర్వహించారు. 1831లో డార్విన్ పండితుడు పయనించిన బీగిల్ నౌకలో ఈ గాలి కొలతను వాడారు. 1838లో నౌకాదళమంతటా అమలైంది. 1857 డిసెంబరు 17న ఆయన కన్నుమూశారు.

తెరచాపల కాలం గతించినా ఆ కొలత గతించలేదు. 1906లో జార్జ్ సింప్సన్ దానికి నేలమీది గుర్తులు జతచేశారు. పొగ నిటారుగా లేస్తే సున్న. ఆకులు గలగలలాడితే రెండు. దుమ్ము, కాగితాలు లేస్తే నాలుగు. గొడుగు పట్టడం కష్టమైతే ఆరు. చెట్లు కూలితే పది.

అయితే ఈ అంకె గాలి నిలకడ బలాన్ని చెబుతుందే కాని దాని విసురును చెప్పదు. అందుకే బోఫోర్ట్ వాతావరణ గుర్తులలో ఈదురుగాలికి క్యూ అనే అక్షరాన్ని వేరుగా ఉంచారు. 1846లో రాబిన్సన్ గిన్నెలు తిరిగే గాలిమాపకాన్ని రూపొందించారు. నేడు సాధారణంగా నేలకు 10 మీటర్ల ఎత్తున, 10 నిమిషాల సగటును గాలివేగమని, 3 సెకన్ల సగటులో అత్యధికాన్ని విసురని అంటున్నారు. వేగం హఠాత్తుగా గంటకు సుమారు 30 కిలోమీటర్లు పెరిగి, 40కి చేరి, కనీసం నిమిషం పాటు నిలిస్తే అది ఈదురుగాలి. సగటును తట్టుకొన్న పైకప్పు ఒక్క విసురుకు ఎగిరిపోవచ్చు. కనుక రెండు లెక్కలూ అవసరమే.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన మన రాష్ట్రానికి ఇది దూరపు విషయం కాదు. గంటకు 62 కిలోమీటర్ల గాలిని తుఫానని, 118 దాటితే అతి తీవ్ర తుఫానని మన వాతావరణశాఖ వర్గీకరిస్తుంది. అవి బోఫోర్ట్ ఎనిమిదవ, పన్నెండవ మెట్లే. ఉర్దూలోను, తెలుగులోను తుఫాను అనే మాట ఒక్కటే. ఆ మాట వెనుక అంకె కూడా అందరికీ ఒక్కటైనప్పుడే హెచ్చరిక విన్నవాడు వేళకు ఇల్లు విడిచి మెరక చేరుతాడు. కోరిన పదవి దక్కలేదని కుంగక, దక్కిన సరకుల ఓడలోనే లోకానికి పనికివచ్చే పని చేసిన ఆ నావికుని జీవితం మనకు ఆదర్శప్రాయము.