లేడీ హోప్ - కాటన్ దొరగారి కుమార్తె

గోదావరి మండలములో కాటన్ దొరగారి పేరు తెలియని ఇల్లు ఉండదు. అయితే ఆయన కుమార్తెను గూర్చి మన సంఘస్థులలో తెలిసినవారు బహు కొద్దిమంది. చిత్రమేమనగా, ఆమె పేరు ఎరుగని వారికి కూడ ఆమె చెప్పిన ఒక కథ తెలియును. పరిణామ సిద్ధాంతమును ప్రకటించిన చార్లెస్ డార్విన్ తన అంత్యకాలమున మనసు మార్చుకొని క్రీస్తును ఆశ్రయించెనన్నదే ఆ కథ. ప్రసంగములలోను, కరపత్రములలోను అది నేటికీ వినబడుచున్నది. కనుక ఆమె జీవితమును, ఆ కథ సంగతిని కూడ మనము తెలిసికొనుట మేలు.

ఎలిజబెత్ కాటన్ గారు 1842 డిసెంబరు 9న ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా దీవిలో జన్మించారు. తండ్రి ఉద్యోగరీత్యా ఆమె బాల్యము మన దేశములో గడిచింది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరముల మధ్య గోదావరికి అడ్డముగా ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినప్పుడు ఆమెకు తొమ్మిదేండ్లు. కరువుతో అల్లాడిన డెల్టా పచ్చబడిన కాలములోనే ఆమె పెరిగారు. కాటన్ గారు దైవభక్తిగల వ్యక్తి. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సువార్త పరిచర్య చేసిన బౌడెన్, బీర్ దొరలకు ఆయన చేయూతనిచ్చారు. ఆనకట్ట కూలీలకు వాక్యము వినిపించుటకు అవకాశము కల్పించారు. అట్టి ఇంటి భక్తియే కుమార్తెకు అబ్బింది.

1861లో కాటన్ గారికి సర్ బిరుదము లభించింది. తరువాత ఆ కుటుంబము ఇంగ్లండులోని డోర్కింగ్ అను పట్టణమున స్థిరపడింది. అక్కడి కూలివారు సాయంకాలము తమ జీతమును సారాయి అంగడిలో పోసి, వట్టి చేతులతో ఇంటికి వెళ్లేవారు. మన కల్లు పాకల సంగతి ఎరిగినవారికి ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు. త్రాగవద్దని బోధించి ఊరుకొనుట చాలదని ఎలిజబెత్ గారు గ్రహించారు. రోజంతా కష్టపడినవాడు సాయంకాలము కూర్చుండుటకు ఒక చోటు కావాలి. వెచ్చని కాఫీ కావాలి, నలుగురితో మాట కావాలి. అందుచేత ఆమె ఒక కాఫీ గదిని తెరిచారు. అక్కడ చదువు చెప్పడము, ప్రార్థన జరిపించడము కూడ ఉండేవి. ఆ అనుభవములను 1876లో గ్రంథముగా ప్రకటించారు.

1877లో ఆమె అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్ గారిని వివాహమాడి లేడీ హోప్ అయ్యారు. ఆయన ఆమెకంటె ముప్పది నాలుగేండ్లు పెద్దవారు. 1881లోనే ఆయన మరణించారు. 1893లో టి.ఎ. డెన్నీ అను ఐరిష్ వర్తకుని పెండ్లాడినను, లేడీ హోప్ అను పేరునే ఉంచుకొన్నారు. 1899లో తండ్రి తొంబదియారేండ్ల వయసున ప్రభువునందు నిద్రించగా, మరుసటి సంవత్సరమే ఆయన జీవితచరిత్రను ప్రకటించారు. కాటన్ గారిని గూర్చి నేడు మనకు తెలిసినదానిలో చాలా భాగము ఆ గ్రంథము ద్వారా వచ్చినదే. ఈ ఒక్క పనికే మన డెల్టావాసులు ఆమెకు ఋణపడియున్నారు.

ఆమె చివరి దినములు కష్టముతో నిండినవి. 1909లో డెన్నీ గారు గతించారు. 1911లో ఆమె అప్పులపాలై దివాలా తీశారు. తరువాత అమెరికాకు వెళ్లారు. 1915లో నార్త్‌ఫీల్డ్ అను చోట జరిగిన క్రైస్తవ మహాసభలలో ఆమె డార్విన్ కథ చెప్పారు. ఆగస్టు 19న వాచ్‌మన్-ఎగ్జామినర్ అను బాప్టిస్టు పత్రిక దానిని అచ్చువేసింది. తాను డార్విన్ ఇంటికి వెళ్లగా ఆయన మంచము మీద హెబ్రీ పత్రిక చదువుచుండెననియు, తన సిద్ధాంతములను గూర్చి విచారపడెననియు అందులో ఉన్నది. మరణ సమయమున అని ఆమె చెప్పలేదు. చెప్పినవారి నోట కథ పెరిగి మరణశయ్య వరకు వెళ్లింది.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న మరణించాడు. తండ్రి మరణశయ్యయొద్ద నున్న కుమార్తె హెన్రియెట్టా, లేడీ హోప్ ఆ జబ్బులో గాని మరే జబ్బులో గాని రాలేదనియు, తన తండ్రి తన శాస్త్రీయ అభిప్రాయములను విడువలేదనియు 1922 ఫిబ్రవరిలో ప్రకటించింది. బైబిలును దైవప్రకటనగా తాను నమ్మనని డార్విన్ 1880లో ఒక ఉత్తరములో స్పష్టముగా వ్రాసియున్నాడు. లేడీ హోప్ ఎప్పుడైనా ఆయనను కలిసియుండవచ్చునని తలంచు చరిత్రకారులు కూడ, ఆయన మనసు మార్చుకొనెనని ఒప్పుకొనలేదు. హెన్రియెట్టా మాట వెలువడిన కొద్ది దినములకే, 1922 మార్చి 8న, లేడీ హోప్ క్యాన్సరు వ్యాధితో సిడ్నీ నగరమున కన్నుమూశారు.

ప్రియ సంఘస్థులారా, ఆ తల్లిని నిందించుట మన పని కాదు. ఆమె హృదయము దేవునికే తెలియును. అయితే ఆ కథను మోసికొని తిరుగుట మన బాధ్యత కిందికి వచ్చును. అబద్ధసాక్ష్యము పలుకరాదన్న ఆజ్ఞ మనకు ఇష్టమైన కథలకు కూడ వర్తించును. కాలేజీలో చదువు మన బిడ్డ గుడిలో ఈ కథ విని, అది నిజము కాదని గ్రంథాలయములో తెలిసికొన్ననాడు, ఆ తరువాత మనము చెప్పు సత్యమును కూడ శంకించును. క్రీస్తు సువార్తకు డార్విన్ సాక్ష్యము అవసరము లేదు.

లేడీ హోప్ గారిని జ్ఞాపకము చేసికొనదలచినవారికి చెప్పుటకు వేరొక కథ ఉన్నది. త్రాగుబోతుల కొరకు ఒక దీపము వెలిగించి, కాఫీ కాచి, తలుపు తెరిచి కూర్చున్న దొరసాని కథ అది. దానిని మన పిల్లలకు నిర్భయముగా చెప్పవచ్చును.