అల్లూరి చేతిలో వేట విల్లు

అల్లూరి సీతారామరాజు అనగానే మన కళ్ళ ముందుకొచ్చే బొమ్మ ఒక్కటే. కాషాయం బట్టలు, గడ్డం, వీపు మీద అంబులపొది, చేతిలో విల్లు. తెనాలి వైపు వాళ్ళకైతే ఆ బొమ్మకి ముఖం కూడా ఫిక్స్ అయిపోయింది, బుర్రిపాలెం కృష్ణ ముఖం. 1974లో వచ్చిన ఆ సినిమా ఆయనకి నూరోది, తెలుగులో మొదటి సినిమాస్కోప్. రేపల్లెలో మా ఇంట్లో ఇప్పటికీ అది టీవీలో వస్తుంటే రిమోట్ ఎవరికీ ఇవ్వరు.

నాకు మాత్రం రాజు కన్నా ఆ విల్లు మీద ఆసక్తి ఎక్కువ. అది ఎవరిది? రాముడి విల్లులాగా చూపిస్తారు గానీ, మన్యంలో విల్లు యుద్ధం కోసం పుట్టింది కాదు. కూర కోసం పుట్టింది.

బాపట్లలో రైలెక్కి తెనాలిలో మారి రేపల్లె వెళ్తే దారంతా వరి చేలే, ఒక్క కొండ కనపడదు. అందుకే దుప్పి వేట అంటే మనకి ఊహే. కొండల్లో అలా కాదు. పిల్లాడు చిన్న వెదురు విల్లుతో పిట్టల్నీ ఉడతల్నీ కొట్టడంతో మొదలుపెడతాడు. పెద్దాళ్ళ వెనక నడుస్తూ మిగతాది నేర్చుకుంటాడు. అసలు కష్టం గురి కాదు, దగ్గరికి వెళ్ళడం. మామూలు వెదురు విల్లుతో దుప్పిని కొట్టాలంటే ఇరవై ముప్పై అడుగులు వేస్తే అందేంత దగ్గరికి చేరాలి. దానికి మన వాసన తగిలితే అయిపోయింది, కాబట్టి గాలికి ఎదురుగా నడవాలి. ఎండుటాకు మీద కాలు పడకూడదు. నీళ్ళకి ఏ దారిన వస్తుందో తెలిసుండాలి. ఒక్క బాణం తప్పితే ఆ రోజుకి వేట లేనట్టే. విశాఖ మన్యంలో చైత్రంలో ఇటుకల పండగ వస్తే మగాళ్ళందరూ కలిసి అడవికి వేటకి వెళ్ళడం ఆచారం.

1882 మద్రాసు అటవీ చట్టం ఈ బతుకుని నేరం చేసింది. రిజర్వు అడవిలో పోడు కొట్టకూడదు, అనుమతి లేకుండా వేటాడకూడదు. తాతల నాటి నుంచి నడిచిన దారిలో నడిస్తే కేసు. పైగా నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు పనికి జనాన్ని తోలుకెళ్ళేవాళ్ళు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వాళ్ళకి సరైన కూలి కూడా ఇచ్చేవాడు కాదు. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొర లాంటి వాళ్ళు ఇతని వల్లే పదవి పోగొట్టుకున్నారు.

రాజు ఈ కొండల్లో పుట్టినవాడు కాదు. 1897 జులై 4న పాండ్రంగిలో, అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టాడు. నాన్న ఫొటోగ్రాఫర్. పదేళ్ళ వయసు దాటిందో లేదో ఆయన పోయాడు. తర్వాత రాజమండ్రి, కాకినాడ, నర్సాపురం, తుని అంటూ స్కూళ్ళు మారుతూ చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఉత్తరాదిన తీర్థాలు తిరిగి 1917లో కృష్ణదేవిపేట చేరేసరికి వయసు ఇరవై. అంటే మనలో చాలామంది వయసే. జనానికి వైద్యం చేశాడు, ముహూర్తాలు పెట్టాడు, తాగుడు మానమన్నాడు, తగాదాలు కోర్టుకి పోకుండా పంచాయతీల్లో తీర్చుకోమన్నాడు. వాళ్ళు బదులుగా అడవి నేర్పారు. దారులు, డొంకలు, ఎక్కడ దాక్కోవాలి, ఎక్కడ కాపు కాయాలి. ఇది ఏ స్కూల్లోనూ దొరకని చదువు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు పోలీసు స్టేషన్లు. దొరికినవి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు. ఇక్కడ బొమ్మలు దాచిపెట్టే విషయం ఒకటుంది. విల్లంబులతో తెల్లోళ్ళని గెలవలేమని ఆయనకి బాగా తెలుసు. మొదట చేసిన పనే తుపాకులు సంపాదించడం. ఏం తీసుకున్నాడో రాసి సంతకం పెట్టి మరీ తీసుకున్నాడు. బాణానికి మాత్రం ఇంకో ఉద్యోగం దొరికింది. ముందే కబురు చెప్పి రావడానికి బాణానికి మిరపకాయలు కట్టి పంపేవాడంటారు. దాన్నే మిరపకాయ టపా అన్నారు.

విల్లు పక్కకి వెళ్ళినా వేట విద్య పక్కకి వెళ్ళలేదు, నా మాటకి ఇదే ఆధారం. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో జరిగింది చూడండి. ఇరుకు దారి, రెండు వైపులా చెట్లు, పైన కాపు కాసిన మనుషులు. ముందు నడిచే మన సిపాయిలని కదలకుండా పోనిచ్చారు. వెనకొచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు తూటాలకి పడిపోయారు. మందలో ముందు వచ్చినదాన్ని వదిలేసి, కావలసిన జంతువు దగ్గరికొచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునే వేటగాడి ఓపిక అది. చేతిలో ఉన్నది తుపాకీ, బుర్రలో ఉన్నది విల్లు. ఈ పోలిక నాది, పుస్తకాల్లో వెతక్కండి.

అయితే అవతలివాళ్ళు కూడా నేర్చుకున్నారు. మలబారు పోలీసులు చాలక 1924లో అస్సాం రైఫిల్స్‌ని దించారు. వాళ్ళకి కొండలు, అడవులు కొత్త కాదు. ఊళ్ళ మీద జరిమానాలు పడ్డాయి, తిండి గింజలు అందకుండా పోయాయి. తలదాచుకోవడానికి చోటిచ్చిన ప్రతి ఊరూ దాని ఖరీదు కట్టింది. మన సినిమాల్లో తక్కువగా కనిపించే భాగం ఇదే. 1924 మే 7న మంప దగ్గర రాజు దొరికాడు, కొయ్యూరులో మేజర్ గుడాల్ విచారణ లేకుండా కాల్పించాడు. ఇంకా ఇరవై ఏడు నిండలేదు. మర్నాడు కృష్ణదేవిపేటలో దహనం చేశారు.

సరిగ్గా నెలకి, జూన్ 7న, గంటం దొర పోరాడుతూ చనిపోయాడు. ఆయన తమ్ముడు మల్లు దొర జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చాడు. 1952లో జరిగిన మొదటి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి ఢిల్లీ వెళ్ళాడు. చిన్నప్పుడు తన చేతిలో విల్లున్న కొండమనిషి, చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. ఆయన మీద మాత్రం ఇంతవరకూ సినిమాస్కోప్ సినిమా రాలేదు.