మానవ హక్కుల పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి? సావిత్రిబాయి ఫూలే జీవితం చెప్పే జవాబు

ఏటా డిసెంబర్ 10న మన బడుల్లో మానవ హక్కుల దినం జరుపుతారు. 1948లో ఐక్యరాజ్యసమితి విశ్వమానవ హక్కుల ప్రకటనను ఆమోదించిన రోజు అది. టీచర్లు ప్రకటనలోని 30 అధికరణాల గురించి చెప్తారు, పిల్లల చేత వ్యాసాలు రాయిస్తారు. మంచిదే. ఆ ప్రకటన మనదీ. దాని మొదటి అధికరణంలో మగవాళ్లను మాత్రమే సూచించే మాట తీసేసి మానవులందరూ అనే మాట పెట్టించిన హంసా మెహతా మన దేశ ప్రతినిధే.

కానీ పాఠం 1948తో మొదలైతే, హక్కులు ఎక్కడో పరదేశంలో పుట్టి మనకు అందిన వస్తువులని పిల్లలు అనుకుంటారు. సరిగ్గా నూరేళ్ల ముందు, 1848లో, పుణెలో ఒక బడి తెరుచుకుంది. అందులో పాఠం చెప్పిన సావిత్రిబాయి ఫూలేకు అప్పటికి నిండా పద్దెనిమిదేళ్లు లేవు. మానవ హక్కుల పాఠాన్ని ఆమె జీవితంతో మొదలుపెట్టాలని మేము అంటున్నాం. ఎందుకో చెప్పాలంటే ఆ జీవితాన్నే మళ్లీ ఒకసారి చూడాలి.

సావిత్రి 1831 జనవరి 3న సతారా జిల్లాలోని నాయ్‌గావ్‌లో పుట్టింది. తల్లి లక్ష్మి, తండ్రి ఖండోజీ నెవసే. వాళ్లది మాలీ కులం, పూలూ కూరగాయలూ పండించుకునే శూద్ర కులం. తొమ్మిదేళ్లకే, 1840లో, పదమూడేళ్ల జోతీరావు ఫూలేతో పెళ్లయింది. పెళ్లినాటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. శూద్రులకు, అందులోనూ ఆడపిల్లలకు, చదువు పాపమని నమ్మించిన కాలం. ఆమెకు అక్షరాలు దిద్దించింది జోతీరావే. తర్వాత ఆమె అహ్మద్‌నగర్‌లోనూ పుణెలోనూ ఉపాధ్యాయ శిక్షణ పొందారు. అంటే పాఠం చెప్పడమనే పనిని ఆమె పద్ధతిగా నేర్చుకున్నారు. భర్త వెనక నడిచిన భార్యగా మాత్రమే ఆమెను చూపించే పుస్తకాలు ఈ సంగతిని తేలిగ్గా దాటేస్తుంటాయి.

1848లో పుణె బుధవార్ పేఠలో, భిడే వాడా అనే ఇంట్లో, ఆడపిల్లల బడి మొదలైంది. ఊరి పెద్దకులాలు భగ్గుమన్నాయి. బడికి వెళ్లే దారిలో ఆమె మీద పేడ, మట్టి, రాళ్లు విసిరేవాళ్లు. ఆ మరకల చీర మార్చుకోవడానికి ఆమె ఇంకో చీర వెంట తీసుకెళ్లేవారని చెబుతారు. ఒత్తిడి ఇంటిదాకా వచ్చింది. మామ గోవిందరావు కొడుకునీ కోడలినీ ఇల్లు వదిలి పొమ్మన్నాడు. అప్పుడు వాళ్లకు నీడ ఇచ్చింది ఉస్మాన్ షేక్ అనే ముస్లిం మిత్రుడు. అతని ఇంటి ఆడబిడ్డ ఫాతిమా షేక్ సావిత్రిబాయికి తోటి టీచరయ్యారు. 1856లో సావిత్రిబాయి జబ్బుపడి పుట్టింట్లో ఉన్నప్పుడు భర్తకు రాసిన ఉత్తరంలో, తాను లేక ఫాతిమాకు పని భారం పెరిగి ఉంటుందని, అయినా ఆమె విసుక్కోదని నమ్మకంగా రాశారు.

1850ల మొదట్లో మహర్, మాంగ్ పిల్లల కోసం కూడా ఫూలే దంపతులు బడులు నడిపారు. మన దగ్గర మాలపల్లె, మాదిగ గూడెం ఊరికి ఎంత దూరమో అక్కడ మహర్‌వాడ, మాంగ్‌వాడ అంత దూరం. పలకా పుస్తకం ఎలా ఉంటాయో ఆ వాడల పిల్లలకు తెలియదు. బడికి వచ్చిన పిల్లలు మధ్యలో మానేయకుండా ఉండాలని వాళ్లకు ఎంతో కొంత డబ్బు ఇచ్చేవారు, తల్లిదండ్రులతో మాట్లాడేవారు. ఈ రోజు డ్రాపౌట్ల గురించి పెద్ద పెద్ద నివేదికలు వస్తున్నాయి. పేదింటి బిడ్డ బడి మానేయడానికి కారణం ఆకలి, పని, అవమానం అని సావిత్రిబాయి ఆనాడే గుర్తించి దాని ప్రకారం నడిచారు.

ఆ బడి ఏం నేర్పిందో చెప్పడానికి ఒక్క సాక్ష్యం చాలు. మాంగ్ కులానికి చెందిన ముక్తా సాల్వే అక్కడి విద్యార్థిని. పద్నాలుగేళ్ల వయసులో ఆమె మాంగ్‌లు, మహర్‌ల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. అది 1855లో జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. పీష్వాల పాలనలో తన వాళ్ల తలలకు విలువ లేకపోవడం గురించి రాసింది. పెద్ద భవనాల పునాదుల్లో తన వాళ్లను పూడ్చిపెట్టిన సంగతి రాసింది. తలమీద కప్పు లేక ఎండలో వానలో ప్రసవించే తన కులం స్త్రీల బాధ రాసింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మా మతం ఏదని నిలదీసింది. చదువుకోమని తన వాళ్లను వేడుకుంది.

బడిలో చేరి కొద్ది ఏళ్లే అయిన ఒక మాంగ్ పిల్ల ఇలా రాయగలిగిందంటే, ఆ బడిలో అక్షరాలతో పాటు ప్రశ్న కూడా నేర్పారని అర్థం. తన బాధ తన ఖర్మ కాదనీ, దాన్ని ఎవరో చేశారనీ, దాన్ని ప్రశ్నించవచ్చనీ పిల్లకు తెలియడమే హక్కుల చదువు. ఈ రోజు హక్కుల పాఠానికి మంచి పుస్తకం కావాలని అడిగే టీచర్లకు మేము ముందుగా చెప్పేది ముక్త వ్యాసమే. మన పాఠ్యపుస్తకాల్లో ఆ వ్యాసానికి చోటు దొరకాలి.

సావిత్రిబాయి పాఠం బడి గోడల మధ్యే ఆగలేదు. 1852లో మహిళా సేవా మండలి పెట్టి, సంక్రాంతి పసుపు కుంకుమల పేరంటానికి ఊరి ఆడవాళ్లను పిలిచారు. ఏ కులమైనా, ఏ మతమైనా అందరూ ఒకే జంబుఖానా మీద కూర్చోవాలని ఆ పిలుపులోనే చెప్పారు. అది చిన్న షరతుగా కనిపించవచ్చు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్నదే కులం పెట్టే మొదటి నియమం. దాన్ని ఆమె పేరంటంలోనే తిరగరాశారు. 1868లో ఫూలేలు తమ ఇంటి ఆవరణలోని నీళ్ల తొట్టిని అంటరానివారికి తెరిచారు. బాబాసాహెబ్ అంబేద్కర్ నాయకత్వంలో మహాడ్ చెరువు సత్యాగ్రహం జరిగింది 1927లో. అంటే దానికి దాదాపు ఆరు దశాబ్దాల ముందే.

సొంత మనుషులతో వాదించడానికి కూడా ఆమె వెనకాడలేదు. 1856 ఉత్తరంలో ఆ సంగతీ ఉంది. పుట్టింట్లో అన్న ఆమెను తప్పుపట్టాడు. మహర్, మాంగ్‌లకు సేవ చేసి కులానికి మచ్చ తెచ్చారని, వెలివేయడం న్యాయమేనని అన్నాడు. ఆవునూ మేకనూ ప్రేమగా నిమురుతావు, నాగపంచమికి పాముకు పాలు పోస్తావు, మనిషిని మాత్రం ముట్టుకోవెందుకని ఆమె అడిగారు. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది, అన్న సిగ్గుపడ్డాడు. హక్కుల గురించి సభల్లో మాట్లాడటం ఒక ఎత్తు, సొంత ఇంట్లో అన్నం తింటూ మాట్లాడటం ఇంకో ఎత్తు. రెండోదే కష్టం.

1868 ఆగస్టులో నాయ్‌గావ్ నుంచి ఆమె రాసిన మరో ఉత్తరం చదువుతుంటే ఈనాటి వార్తే చదువుతున్నట్టు ఉంటుంది. గణేశ్ అనే బ్రాహ్మణ యువకుడు ఊళ్లు తిరిగి పంచాంగం చెప్పుకునేవాడు. శారజా అనే మహర్ అమ్మాయితో ప్రేమలో పడ్డాడు. ఆమె ఆరు నెలల గర్భిణి. విషయం తెలిసి జనం ఇద్దరినీ పట్టుకుని వీధుల్లో ఈడ్చుకుపోతున్నారు, చంపడమే తరువాయి. సావిత్రిబాయి పరుగున వెళ్లి అడ్డుపడ్డారు. మనుషుల్ని చంపితే చట్టం వదలదని హెచ్చరించారు. గుంపు వెనక్కి తగ్గింది. ఇద్దరూ ఊరు విడిచి పోవాలని పెద్దలు తీర్మానించారు. ఊరు పోయింది, ప్రాణాలు మాత్రం దక్కాయి.

కులం దాటి పెళ్లి చేసుకున్న పాపానికి నడిరోడ్డు మీద యువకుల్ని నరికిన నేల మనది. పరువు హత్య అని వాటికి పేరు పెట్టి రాసే పత్రికలూ మనవే. అలాంటి గుంపు ముందు ఒక్క మనిషి నిలబడితే ప్రాణం నిలుస్తుందని పిల్లలకు చెప్పాలంటే నాయ్‌గావ్ కథకు మించిన పాఠం ఏముంది? ఆమె చేతిలో ఆయుధం లేదు. చట్టం ఒకటుందనే తెలివిడి, దాన్ని నోరు తెరిచి చెప్పే ధైర్యం మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు మనకు రాజ్యాంగంలో 17వ అధికరణం ఉంది, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ రెండింటి పేర్లైనా తెలుసా అని ప్రతి బడీ తనను తాను అడగాలి.

విధవలైన బ్రాహ్మణ స్త్రీల కోసం కూడా ఫూలేలు తలుపు తీశారు. పసివయసులో భర్త చనిపోయి, ఇంటివాళ్ల చేతుల్లోనే మోసపోయి గర్భం దాల్చిన ఆడవాళ్లు బిడ్డల్ని చంపుకోవడమో తామే చావడమో జరిగేది. వాళ్లు గుట్టుగా పురుడు పోసుకునేందుకు 1863లో ఒక ఆశ్రయం ఏర్పాటైంది. తన మీద రాళ్లు విసిరిన కులాల ఆడవాళ్లకు సావిత్రిబాయి పురుడు పోశారు. కాశీబాయి అనే బ్రాహ్మణ విధవ కన్న బిడ్డను దంపతులు పెంచుకున్నారు. ఆ బిడ్డే యశ్వంత్. పెరిగి డాక్టరయ్యాడు.

వాళ్ల చూపు పుణెకే పరిమితం కాలేదు. 1873లో జోతీరావు గులాంగిరీ పుస్తకాన్ని, నల్లజాతి బానిసత్వాన్ని రద్దు చేయడానికి పోరాడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. సముద్రాల అవతల తెగిన సంకెళ్లలో మహర్, మాంగ్‌ల విడుదలకు దారి చూశారు. ప్రపంచ పౌరసత్వం అనే మాట ఇప్పుడు విద్యా ప్రణాళికల్లో తరచు వినిపిస్తోంది. ఒకచోట పీడితుడి బాధను ఇంకోచోట పీడితుడు తనదిగా గుర్తుపట్టడమే దాని అసలు అర్థం. అదే ఏడాది పుట్టిన సత్యశోధక సమాజంలో సావిత్రిబాయి ముందు నిలిచి పనిచేశారు.

1890 నవంబర్‌లో జోతీరావు కన్నుమూశారు. పెంపుడు కొడుకు తలకొరివి పెట్టడానికి వీల్లేదని బంధువులు గొడవ చేస్తే, సావిత్రిబాయి తానే నిప్పుకుండ పట్టి ముందు నడిచారు. తర్వాత సత్యశోధక సమాజం పనిని భుజాన వేసుకున్నారు. 1897లో పుణెను ప్లేగు కమ్మేసింది. యశ్వంత్ ఊరి బయట వైద్యశాల తెరిచాడు. ముంఢ్వా మహర్‌వాడలో ఒక పిల్లవాడికి ప్లేగు సోకిందని తెలిసి, అరవై ఆరేళ్ల సావిత్రిబాయి వాడిని వీపున మోసుకుని వైద్యశాలకు చేర్చారు. ఆ జబ్బే ఆమెకూ అంటుకుంది. 1897 మార్చి 10న ఆమె చనిపోయారు. ముట్టుకోకూడదని లోకం అన్న బిడ్డను ముట్టుకునే ఆమె వెళ్లిపోయారు.

కథ ఇక్కడ ముగిస్తే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. ఆమె పోయిన మూడేళ్లకు, 1900లో, ఆమె పుట్టిన సతారా జిల్లాలోనే భీమ్‌రావ్ అనే మహర్ పిల్లవాడు ఇంగ్లిష్ బడిలో చేరాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవాల్సి వచ్చింది. ప్యూన్ పైనుంచి పోస్తే తప్ప గుక్కెడు నీళ్లు దొరికేవి కావు. ఒక సావిత్రి బడి పెట్టినంత మాత్రాన కులం బడి వదిలి పోలేదు. అది చట్టాలు వచ్చాక కూడా పోలేదు. మధ్యాహ్న భోజనం దగ్గర వేరు వరుస, దళిత మహిళ వండితే తినమనే తల్లిదండ్రులు, మరుగుదొడ్లు కడగమని దళిత పిల్లలకే పురమాయించే పెద్దలు, ఇవన్నీ ఇప్పటికీ మన దేశంలో వార్తలే.

తెలంగాణ ప్రభుత్వం 2025లో జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. సంతోషం. అయితే పటానికి పూలదండ వేసి, నలుగురికి శాలువాలు కప్పి, ఫొటోలు దిగితే సావిత్రిబాయి బడిలోకి వచ్చినట్టు కాదు. ఆ రోజు ప్రతి టీచరూ తన తరగతిని ఒకసారి పరికించి చూడాలి. ముందు బెంచీలో ఎవరున్నారు, వెనక ఎవరున్నారు? నీళ్ల కుండ ఎవరు ముట్టుకుంటున్నారు, చీపురు ఎవరి చేతిలో ఉంది? హాజరు పట్టీలో ఎవరి పేరు ముందు కొట్టివేత పడుతోంది? ముక్తా సాల్వేలా తన వాడ గురించి రాయమని పిల్లలకు కాగితం ఇస్తే, వాళ్లు రాసింది చదివే ఓపిక మనకుందా?

వీటికి ఖర్చు లేదు, సర్కులర్ అక్కర్లేదు. అధికరణాలు తర్వాత కంఠస్థం చేయించవచ్చు. ముందు ఆ తరగతిలో కూర్చునే చోటు మారాలి. సావిత్రిబాయి చెప్పిన పాఠం అదే. దాన్ని చెప్పాల్సిన వంతు ఇప్పుడు మనది.