ప్రయాణం మార్చిన మనిషి: ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్

గల్ఫ్ దేశాల్లో ఏళ్ళ తరబడి ఉండి వచ్చినవారు మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలోనూ ఉన్నారు. తిరిగి వచ్చిన మనిషి మాట, వేషం, తిండి మారడం మనం చూస్తూనే ఉంటాం. మరి ఆ మార్పు మనసు దాకా వెళ్ళిందా? ఒకప్పుడు హైదరాబాద్‌లో పదేళ్ళు గడిపిన ఒక ఆంగ్లేయుని జీవితం ఈ విషయంలో మనకు దారి చూపుతుంది.

మార్మడ్యూక్ పిక్తాల్ 1875లో లండన్‌లో ఒక క్రైస్తవ మతగురువు ఇంట జన్మించారు. తండ్రి చిన్నప్పుడే చనిపోయారు. ఉద్యోగ పరీక్ష తప్పడంతో 1894లో, పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో, ఈజిప్టు, పాలస్తీనా వైపు బయలుదేరారు. అక్కడి ఆంగ్లేయుల మధ్య ఉండిపోక, ఆ ప్రాంతపు దుస్తులు వేసుకొని, అరబీ నేర్చుకొని, పల్లె జనంతో కలిసి తిరిగారు. పేదరికంలోనూ వారు సంతోషంగా ఉండటం ఆయనను కదిలించింది.

డమాస్కస్‌లోని పెద్ద మస్జిద్ పండితుని దగ్గర చదువుతుండగా, ఇస్లాం స్వీకరించాలని ఆయనకు కోరిక కలిగింది. మరొకరైతే వెంటనే కలిమా చదివించేవారేమో! కాని ఆ పెద్దాయన తొందరపడవద్దని వారించారు. ఇంటి దగ్గరున్న తల్లిని గుర్తుచేశారు. వయసు వచ్చాక బాగా ఆలోచించి నిర్ణయించుకొమ్మన్నారు.

పిక్తాల్ స్వదేశానికి వెళ్ళి, పెళ్ళి చేసుకొని, నవలలు రాసి పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాతా ఈజిప్టు, తుర్కీలకు వెళ్ళివచ్చారు. చివరకు 1917లో, బ్రిటన్ తుర్కీతో యుద్ధం చేస్తున్న రోజుల్లో, లండన్‌లోనే తాను ముస్లింనని బహిరంగంగా ప్రకటించారు. ఆ సమయంలో దానివల్ల లోకం నుండి దొరికేది మెప్పు కాదు. మొదటి ప్రయాణంలో పడిన విత్తనం మొలకెత్తడానికి ఇరవై మూడేళ్ళు పట్టిందన్నమాట!

1920లో బొంబాయికి వచ్చి పత్రికా సంపాదకులయ్యారు. 1925లో హైదరాబాద్ చేరి, చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. మన ఈ మూడు ఊళ్ళూ అప్పుడు అదే నిజాం రాజ్యంలో ఉండేవి. నిజాం ప్రభుత్వం ఇచ్చిన సెలవుతో ఆయన దివ్య ఖుర్ఆన్ భావాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఈజిప్టు వెళ్ళి పండితులతో చర్చించాక, 1930లో అది వెలువడింది. 1935లో ఇంగ్లాండు తిరిగి వెళ్ళిన ఆయన మరుసటి ఏడాదే కన్నుమూశారు.

పాఠకులారా! ఊరు మారినంత మాత్రాన మనిషి మారడు. దూరదేశంలో అలవడిన మంచి, సొంత ఇంట్లో, తల్లిదండ్రులు, భార్యాబిడ్డల మధ్య కూడా నిలిచినప్పుడే అది నిజమైన మార్పు. అక్కడ వేళకు చేసిన నమాజు ఇక్కడికొచ్చాక తప్పుతున్నామా? అక్కడ చూపిన ఓర్పు ఇంటివారిపై చూపుతున్నామా? మనల్ని మనం ప్రశ్నించుకుందాం.

అల్లాహ్ మన బాటసారులను క్షేమంగా ఇల్లు చేర్చి, వారి ప్రయాణాలను మేలుగా మార్చుగాక! ఆమీన్.