సముద్రగర్భమునకు కెమెరాను గొనిపోయిన లూయీ బూటాన్

హైదరాబాదు నగరమున ఛాయాచిత్రకళ యనగానే పెద్దలకు మొదట స్ఫురించు పేరు రాజా దీన్ దయాళ్ గారిది. ఆరవ నిజామగు మహబూబ్ అలీ ఖాన్ ప్రభువు కొలువున ఉండి, కోటలను, దర్బారులను, వేటలను, కవాతులను గాజు పలకలపై నిలిపి, 1905వ సంవత్సరమున ఆయన కాలధర్మము నొందెను. ఆయన యెండలోను, గాలిలోను పనిచేసిన దినములలోనే, మరియొక దేశమున మరియొక పండితుడు ఎండయు గాలియు సరిగా చొరని చోట అదే పనికి పూనుకొనెను. ఆయన పేరు లూయీ బూటాన్. సముద్రపు టడుగునకు తానే దిగి, అచ్చటి దృశ్యములను కెమెరాతో పట్టితెచ్చిన వారిలో ఆయన ప్రథముడు. ఆయన చరిత్ర మన విద్యార్థులకు మిక్కిలి యుపయోగకరమని తలంచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

బూటాన్ 1859వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి వెర్సాయి పట్టణమున జన్మించెను. తండ్రి భౌతికశాస్త్రమును బోధించిన యుపాధ్యాయుడు. సోదరుడు ఆగస్టు యంత్రనిర్మాణమునందు నిపుణుడయ్యెను. లూయీ మాత్రము ప్రాణిశాస్త్రమును వరించి, పారిస్ నగరమున విద్య నభ్యసించెను. 1880వ సంవత్సరమున మెల్బోర్న్ నగరమందు అంతర్జాతీయ ప్రదర్శనము జరిగినప్పుడు ప్రభుత్వము పక్షమున ఆస్ట్రేలియాకు బోయి, అచ్చటి జంతుజాలమును పరిశీలించి వచ్చెను. తరువాత నత్తలు, గుల్లలు మొదలగు మెత్తని దేహముగల ప్రాణులను గూర్చి పరిశోధించుట ఆయనకు ముఖ్యవ్యాసంగ మయ్యెను.

ఫ్రాన్సు దక్షిణతీరమున, స్పెయిను సరిహద్దునకు సమీపమున, బాన్యుల్స్ అను చిన్న రేవు కలదు. అచ్చట లకాజ్ దుతియే అను మహాపండితుడు సముద్రజీవుల పరిశోధనమునకై అరాగో పేరిట నొక ప్రయోగశాలను స్థాపించి నడుపుచుండెను. బూటాన్ ఆ శాలయందు పనిచేయుచు, గుల్లలను వాని నివాసమందే చూడవలెనని, బుడక దుస్తులు ధరించి సముద్రములోనికి దిగుట నేర్చుకొనెను. ఆ కాలపు బుడక యన నేటి దానివలె సులభమైనది కాదు. తలపై రాగితో చేసిన బరువైన శిరస్త్రాణము. పాదములకు సీసపు జోళ్లు. వీపు వెనుక రబ్బరు గొట్టము. పైన పడవలో నిలిచినవారు పంపుతో గాలి కొట్టుచుండిననే క్రిందివాని కూపిరి. ఆ చేతులు నిలిచిన యెడల ఆయన ప్రాణమును నిలుచును.

అట్లు దిగిన బూటానునకు క్రింద కొండచరియలు, నాచు తోటలు, గుంపులుగా తిరుగు చేపలు కనబడెను. పైకి వచ్చిన పిమ్మట తాను చూచినదానిని మాటలతో చెప్పవచ్చును, బొమ్మ గీయవచ్చును. కాని చెప్పిన మాటకు సాక్ష్య మెక్కడ? నీటిలో నున్నంతసేపు కన్ను చూచినది పైకి వచ్చుసరికి కలవలె చెదరిపోవుచుండెను. శాస్త్రజ్ఞునకు కలతో పని లేదు. ఇతరులు పరీక్షించి చూడదగిన ఆధారము కావలెను. అందుచే కెమెరాను సముద్రములోనికి గొనిపోవలెనని ఆయన నిశ్చయించెను.

అంతకు పూర్వ మీ ప్రయత్నము బొత్తిగా లేకపోలేదు. 1856వ సంవత్సరమున విలియమ్ థామ్సన్ అను ఆంగ్లేయుడు వేమత్ తీరమున నొక పెట్టెలో కెమెరా నుంచి పడవనుండి క్రిందికి దింపి యొక చిత్రమును తీసెను. కాని ఆయన పడవలోనే యుండెను. పెట్టెలోనికి నీరు చొచ్చెను. చిత్రము మసకగా వచ్చెను. తరువాత ఆయన ఆ పనిని విడిచెను. బూటాన్ తానే దిగి, తాను కోరిన దృశ్యము నెదుట కెమెరాను నిలిపి, తన చేతితో మీట త్రిప్పదలచెను.

ఇచ్చట మొదటి చిక్కు నీటి యొత్తిడి. ప్రతి పది మీటర్ల లోతునకును మన వాతావరణమంతటి యొత్తిడి అదనముగా చేరును. ఎంత గట్టిగా బిగించినను పెట్టె సందులలోనుండి నీరు చొచ్చుకొనిపోవును. దీనికి సోదరుడగు ఆగస్టు చక్కని యుపాయము కనిపెట్టెను. రాగి పెట్టెకు గాలి నింపిన రబ్బరు తిత్తి నొకదానిని గొట్టముతో తగిలించెను. లోతునకు పోవుకొలది బయటి నీరు తిత్తిని నొక్కును. తిత్తిలోని గాలి పెట్టెలోనికి పోవును. లోపలి యొత్తిడియు బయటి యొత్తిడియు సమాన మగును. రెండు ప్రక్కల బలము సమానమైనప్పుడు నీరు లోనికి దూరుటకు కారణమే లేదు. విద్యార్థులు చదువు బాయిల్ నియమమే యిచ్చట కెమెరాను కాపాడినది! ప్రయోగశాలలో యంత్రకారుడుగా నున్న జోసెఫ్ దావీద్ ఈ పరికరములను సిద్ధము చేయుటయందు బూటానునకు కుడిభుజమై నిలిచెను.

1893వ సంవత్సరమున ఈ కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి సముద్రపు టడుగున చిత్రములు తీయ నారంభించెను. అప్పుడు రెండవ చిక్కు బయలుపడెను. అది వెలుతురు. నీరు వెలుతురును మ్రింగును. అన్ని రంగులను సమానముగా మ్రింగదు. ఎరుపు మొదట పోవును; పిదప నారింజ, పసుపు వన్నెలు సన్నగిలును; చివరకు నీలమును ఆకుపచ్చయు మిగులును. మన హుస్సేన్ సాగరమువలె మట్టి, నాచు కలిసిన నీరైనచో నాలుగడుగులలోనే యంతయు చీకటి. బాన్యుల్స్ నీరు తేటయైనదే. అయినను ఆ కాలపు పలకలు మందమైనవగుటచే, ఒక్కొక చిత్రమునకు అరగంట వరకును కెమెరాను కదల్పక నిలుపవలసి వచ్చెను. అరగంట కాలము చల్లని నీటి యడుగున, బరువైన దుస్తులలో, పంపు గాలినే నమ్ముకొని కనిపెట్టుకొని యుండుట యెంత కష్టమో యోచింపుడు. ఆ యరగంటలో చేప యేదియు నిలువదు. నాచు అలకు ఊగును. రాళ్లు మాత్రమే చక్కగా పడును.

కావున వెలుతురును పైనుండి తీసికొనిపోవలసి వచ్చెను. మొదట షోఫూర్ అను విద్యుత్ నిపుణుడు ఒక గాజుబుడ్డిలో ప్రాణవాయువు నింపి, దానిలో మెగ్నీషియపు తీగ నమర్చి, విద్యుత్తుతో దానిని వెలిగించు దీపమును చేసెను. వెలుగు మిక్కుటమే. కాని మంట ఒకే తీరున నుండదు. వేడికి బుడ్డి పగులు భయము కలదు. పొగ క్రమ్మి వెలుగును మూయును. ఆ దీపమును నమ్మి పని సాగించుట సాధ్యము కాలేదు.

పిమ్మట బూటానును దావీదును వేరొక త్రోవ త్రొక్కిరి. పెద్ద పీపాలో ప్రాణవాయువు నింపి, దాని పైభాగమున గాజు గంట క్రింద సారాయి దీపము నొకటి వెలిగించిరి. ఒక రబ్బరు ఉండను నొక్కిన యెడల మెగ్నీషియపు పొడి యెగిరి జ్వాలలో పడి మెరుపువలె మండును. చూచుటకు మోటగానున్నను ఈ పరికరము పనిచేసెను. కాని పీపా గాలితో నిండినదగుటచే నీటిలో తేలును. దానిని ముంచుటకు ఎన్నియో బరువులు కట్టవలెను. సముద్రము కొంచెము కల్లోలమైనను దానిని నిలుపుట దుస్సాధ్యము.

మూడవ చిక్కు కటకమునకు సంబంధించినది. నీటినుండి గాలిలోనికి వచ్చునప్పుడు కాంతికిరణము వంగును. గ్లాసులోని గరిటె విరిగినట్లు కనబడుట యందుకే. సమతలమగు గాజు కిటికీ వెనుక కెమెరా నుంచి నీటిలోని వస్తువును చూచినచో, అది నాలుగవ వంతు దగ్గరకు వచ్చినట్లును, మూడవ వంతు పెద్దదైనట్లును తోచును. అనగా కెమెరాకు కనబడు విశాలత తగ్గును. విశాలత కొరకు దూరము జరిగితిమా, నడుమనున్న నీరు పెరిగి చిత్రము మసకబారును. కావున దగ్గరగా నిలిచి విశాలముగా చూడగల కటకమే యీ పనికి తగినది. బూటాన్ ఒక దశలో పెట్టెలోనికి నీటిని రానిచ్చి పలకలను నీటియందే యుంచి చూచెను. ఫలము తృప్తికరము కాలేదు. గాలిలో పనిచేయుటకు చేసిన కటకము నీటిలో మునిగినప్పుడు తన శక్తిలో పెద్దభాగమును కోల్పోవును గదా! ఆ మార్గమును విడిచి, పెద్ద పలకలు పట్టు మరియొక బలమైన కెమెరాను, మేలైన కటకముతో చేయించెను. గట్టుపై దానిని కదల్చుటకు ఒక్కని బలము చాలదు. నీటిలో మాత్రము ఖాళీ పీపా నొకదానిని కట్టి తేలికపరచిరి. దీనితో ఎండ బాగుగా పడు తక్కువ లోతులలో, కదలు చేపలను సహితము క్షణకాలమున పట్టగలిగెను.

1899వ సంవత్సరమున ఆయన విద్యుద్దీపములను ప్రయోగించెను. నీరు చొరని పెట్టెలలో అమర్చిన ఆర్కు దీపములకు బ్యాటరీల నుండి విద్యుత్తు నిచ్చి, కెమెరాను త్రాళ్లతో దింపి, పైనుండియే విద్యుత్తుతో దాని తెరను తెరచి మూసి, 50 మీటర్ల లోతున చిత్రములను సాధించెను. మనుష్యుడు ప్రాణభయము లేక పోజాలని చోటికి పరికరమే పోయి వచ్చెను. ఆ యేటనే రుమేనియా దేశీయుడగు ఎమిల్ రాకోవిత్సా అను పండితుని నీటిలో నిలిపి చిత్రించెను. సముద్రగర్భమున తీసిన మనుష్యుల చిత్రములలో అది మిక్కిలి ప్రసిద్ధము. 1900వ సంవత్సరమున తన యనుభవము నంతయు పుస్తకరూపమున ప్రకటించి, గెలుపులతో పాటు విఫలమైన పరికరములను గూడ దాచక వర్ణించెను. తరువాత వచ్చువారు అవే గోతులలో పడకుండుటకు ఇది తోడ్పడెను.

హైదరాబాదు వాసులకు ఆయనను మరియొక కారణముచేతను స్మరింపదగును. మన నగరము ముత్యముల వ్యాపారమునకు పేరుగన్నది. పత్తర్‌గట్టీ అంగళ్లు ఎరుగనివారు లేరు. బూటాన్ 1898వ సంవత్సరమున చెవియాకారపు గుల్లలయందు మానవప్రయత్నముచే ముత్యములను పుట్టించు పరిశోధనను ప్రకటించెను. ముత్యము పుట్టు విధమును గూర్చి పిమ్మటను చిరకాలము శ్రమించెను. కొంతకాలము ఫ్రెంచి ఇండోచైనాలో శాస్త్రపరిశోధక సంఘమునకు నాయకుడుగా నుండి, తరువాత బోర్డో నగరమున ఆచార్యపదవి నలంకరించి, 1934వ సంవత్సరమున దివంగతుడయ్యెను.

ఆయన వేసిన బాట నెందరో నడిచిరి. 1926వ సంవత్సరమున అమెరికా దేశీయులగు లాంగ్లీ, మార్టిన్ అనువారు ఫ్లారిడా సమీపమున, తెప్పపై మెగ్నీషియపు పొడిని మండించి, నీటిలోని చేపలకు మొట్టమొదటి రంగుల చిత్రములు తీసిరి. ఆ ప్రయత్నములో లాంగ్లీ తీవ్రముగా కాలి గాయపడెను. వెలుతురు కొరకు మనుష్యు డిచ్చిన మూల్య మట్టిది. అటుపిమ్మట విద్యుత్ మెరుపుదీపములు వచ్చెను. 1963వ సంవత్సరమున నికోనోస్ అను కెమెరా వచ్చుటతో, వేరే పెట్టె లేకయే నీటిలో పనిచేయు సాధనము సామాన్యులకును లభించెను. నేడు విశాఖపట్టణము చెంతనున్న ఋషికొండవద్ద బుడక నేర్చువారు అరచేతిలో పట్టు కెమెరాతో దిగుచున్నారు.

సాధనములు మారినను బూటాన్ నాటి న్యాయములు మారలేదు. కెమెరా కొనువాడు నేటికిని అవే ప్రశ్నలు వేసికొనవలెను. పెట్టె యెంత లోతు నోర్చును? కటకము దగ్గరనుండి యెంత విశాలముగా చూచును? అర్ధగోళాకారపు గాజు కిటికీ ముందుంచినచో, సమతలపు గాజువలన పోయిన విశాలత మరల దక్కును. దీపమును కటకమునకు ఆనించి పెట్టరాదు. పెట్టినచో నీటిలోని నలుసు లన్నియు మెరసి చిత్రమున మంచు కురిసినట్లుండును. దీపములను చేతులు చాచినట్లు ప్రక్కలకు జరిపి వెలిగింపవలెను. గోదావరి, కృష్ణల వరదమట్టి కలిసిన మన బంగాళాఖాతపు నీటిలో ఈ నియమ మెంత ముఖ్యమో చెప్ప నక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యము దగ్గరకు పోవుట. నడుమ నీ రెంత తక్కువయో చిత్ర మంత తేట.

బాలబాలికలారా, ఈ చరిత్రలో గమనింపదగిన విషయము మరియొకటి కలదు. బూటాన్ పేరు నిలిచినది గాని, ఆయన ఒంటరిగా గెలువలేదు. యంత్రమును యోచించిన సోదరుడు, సుత్తి పట్టిన దావీదు, దీపము చేసిన షోఫూర్, పడవలో పంపు కొట్టిన పేరులేని నావికులు - వీరిలో నొక్కరు తప్పినను ఆ చిత్రములు లేవు. పంపు కొట్టువానికి సముద్రపు టడుగున నేమున్నదో కనబడదు. అయినను తన చేతి పని నిలిపిన క్షణమున క్రింద నొక ప్రాణము పోవునని యెరిగి, చూడని దానికొరకు నమ్మకముగా శ్రమించెను. మన పాఠశాలలలోను, గృహములలోను, అట్టి పని చేయువారు కలరు. చదువుకొను పిల్లవాడు లోతునకు దిగుచుండగా, పైన నిలిచి గాలి కొట్టు తలిదండ్రుల చేతులను మరువకుండుట విద్యార్థికి ప్రథమధర్మము. దేవుడు సృష్టించిన యగాధములలో మన కన్ను చూడని సౌందర్య మింకను మిక్కిలిగా కలదు. దానిని చూచుటకు ధైర్యమును, చూచినదానిని ఉన్నది యున్నట్లు చెప్పుటకు సత్యసంధతయు మీ కలవడును గాక.