పంపు పిడి తీయించిన డాక్టరు స్నో

ఇంగ్లండులోని యార్క్‌లో 1813లో ఒక కూలీ ఇంట పుట్టిన జాన్ స్నో కష్టపడి చదివి డాక్టరయ్యారు. కలరా చెడుగాలి వల్ల వస్తుందని పెద్ద పెద్ద వైద్యులే నమ్మిన రోజులవి. నీటివల్ల వస్తుందని ఆయన 1849లోనే రాసినా చాలామంది చెవిని పెట్టలేదు.

1854 ఆగస్టు చివర లండన్ బ్రాడ్ వీధి ప్రాంతంలో కలరా చెలరేగి 600 మందికి పైగా మరణించారు. స్నో ఇల్లిల్లూ తిరిగి, మృతుల్లో ఎక్కువమంది ఆ వీధి పంపు నీరే తాగారని తేల్చారు. ఆయన మాట మీద సెప్టెంబరు 8న పంపు పిడి తీసేశారు. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టినా, ఆ నీటి పీడ వదిలింది. పక్కనున్న మరుగుగుంటలోని మురికి పంపు బావిలోకి ఊరిందని తర్వాత తవ్వకాల్లో బయటపడింది.

లోకం తన మాట ఒప్పుకోకముందే 1858లో 45వ ఏట స్నో కన్నుమూశారు. పిడి లేని పంపు నమూనా ఒకటి ఆయన గుర్తుగా ఆ వీధిలో ఉంది. మన బోరింగు చుట్టూ మురుగు నిలవకుండా చూసుకోవడమే ఆయనకు మనమిచ్చే నివాళి.